ఎడమ పక్క రేకు

వినీల గారు మందం కొలిచే గేజిని వ్యాన్ ఎడమ గోడ రేకుకు పెట్టి చూశారు. కుడి గోడకు పెట్టి చూశారు. నమ్మకం కుదరక మళ్ళీ ఎడమ గోడకు పెట్టి, “రెండూ ఒకటే మందం రాంబాబు గారూ. రేకు మారలేదు” అన్నారు మా ఆయనతో. పోయిన వారం మనం అక్కడ ఆగాం.

రేకు మారలేదంటే కృపానందం మేస్త్రీ దొంగ కాదు. మంచి రేకు అమ్ముకుని పల్చటి రేకు బిగించాడని మా ఆయన పది మంది ముందు షెడ్డులోంచి పంపేసింది ఏ తప్పూ చెయ్యని మనిషిని. ఆయన చేత ఆ మాట అనిపించింది నేను. ఆ సోమవారం మధ్యాహ్నం మేస్త్రీ తన మోపెడ్ వెనక రేకు ముక్కలు కట్టుకుని పోతుంటే గేటు దగ్గర చూశాను. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ మా ఆయనకు చెప్పాను. అంతే నేను చేసింది.

అంతకు రెండు రోజుల ముందే కళ్ళ పరీక్షల వ్యాన్ పరుగు మొదలు కాకుండానే కూలబడింది. పామర్రు చుట్టుపక్కల ఊళ్ళలో తిరగడానికి ఒక ట్రస్టు వాళ్ళు చేయిస్తున్న బండి అది. ఆటోనగర్‌లో మా చిన్న షెడ్డు కట్టిన మొదటి అల్యూమినియం బాడీ. నెత్తి మీద నీళ్ళ ట్యాంకు, సోలార్ పలకలు, ఏసీ మోయాలి. బాడీ బరువు మాత్రం ఆరువందల కిలోలు దాటకూడదు. ట్రస్టు ఇంజనీరు వినీల గారు పైన అరవై ఇసుక బస్తాలు వేయమన్నారు. నలభై రెండో బస్తాకు ఎడమ గోడ పొట్ట ఉబ్బి మడత పడింది. కుడి గోడ మాత్రం కదల్లేదు. ఒకే రేకు, ఒకే పట్టీలు, ఒకే చేతిపని. మరి ఎడమ గోడకేమొచ్చింది? శనివారం మళ్ళీ పరీక్ష. ఈసారి కూలితే ఆర్డరు పోతుంది. కానీ మంగళవారం పొద్దున్న నేను ఆటో ఎక్కింది ఆర్డరు కోసం కాదు.

పాపను చంకనేసుకునే బయల్దేరాను. అక్షయకి పధ్నాలుగు నెలలు. ముందు రోజు నుంచి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. పళ్ళొస్తున్నాయి, ఏం కాదని మా అత్తయ్య చౌడేశ్వరమ్మ గారు అంటారు. నాకు మాత్రం వడదెబ్బేమోనని గుబులు. మేస్త్రీ ఉండే కానూరు చేరేదాకా దాని మెడ కింద చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాను. మేస్త్రీ ఇంటి ముందు దిగాక నా చేతులే చల్లబడ్డాయి.

తలుపు తీసింది ఆయన కోడలు ఏంజెల్. నన్ను చూసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఏంటండీ, ఇంకా ఏమన్నా పోయిందా మీ షెడ్లో?”

“లేదమ్మా. బాబాయ్ గారితో మాట్లాడాలి.”

“వెతుక్కోండి కావాలంటే. మంచం కింద చూస్తారా, బీరువాలో చూస్తారా? తాళాలిస్తా.”

ఇంతలో పాప ఏడుపు అందుకుంది. ఏంజెల్ చూపు దాని మీదికి మళ్ళింది.

“ఇంత ఎండలో తీసుకొచ్చారా దీన్ని? నెత్తి మీద గుడ్డన్నా వెయ్యలేదు.” చేతులు చాచి పాపను అందుకుంది. “రండి లోపలికి. మీ కోసం కాదు, పిల్ల కోసం.”

గ్లాసుతో నీళ్ళు తెచ్చి దానికి పట్టింది. నన్ను కూర్చోమనలేదు. “మావయ్య డాబా మీదున్నారు. పదమూడు రోజులై పగలంతా అక్కడే. అన్నం కూడా పైకే పంపాలి. ఆ ఇటుకలూ ఆయనా” అంది. పాప అప్పటికే ఆమె మెడలో గొలుసు పట్టుకుని ఊగుతోంది.

ఒక్కదాన్నే మెట్లెక్కాను.

పైన గోనెపట్టా నీడలో మేస్త్రీ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. లుంగీ, బనీను, దారం కట్టిన కళ్ళజోడు. ఆయన ముందు వరసగా రేకు పలకలు నిలబెట్టి ఉన్నాయి. పక్కన సిమెంటు ఇటుకల గుట్ట.

“చూసి నడువు ప్రత్యూషమ్మా. అంచులు కోసుకుంటయ్.”

అదీ ఆయన పలకరింపు. ఎందుకొచ్చావని అడిగి ఉంటే ఏడ్చేసేదాన్ని. దారిలో కూడబలుక్కున్న మాటలు పక్కనపెట్టి గేజి సంగతితో మొదలుపెట్టాను.

“వినీల గారు గేజి పెట్టి చూశారు బాబాయ్ గారూ. రెండు గోడలూ ఒకటేనంట.”

“నాకు తెలుసుగా.”

“మీరు రేకు పట్టుకుపోతుంటే చూసి ఆయనకు చెప్పింది నేనే.”

“అదీ తెలుసు.” ఆయన కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. “గేటు కాడ పిల్లని ఎత్తుకుని నిలబడ్డావు. నేను నీకు చెయ్యి ఊపాను. గుర్తుందా?”

గుర్తుంది. పాప చేత కూడా టాటా చెప్పించాను. మా ఆయనకు చెప్పేటప్పుడు ఆ ఒక్క ముక్కా వదిలేశాను. దాచాలని కాదు. అది చెప్పాల్సిన సంగతి అని తోచలేదు.

“దొంగతనంగా పోయేవాడు చెయ్యి ఊపుతాడా అని నీకు తోస్తదనుకున్నా. రాంబాబు సంగతంటావా, వాడికి ముందు నోరు లేచిద్ది, బుర్ర తర్వాత లేచిద్ది. పదహారేళ్ళప్పుడు నా దగ్గర సుత్తి పట్టిన దగ్గర్నుంచీ అంతే. నువ్వు నెమ్మదస్తురాలివి.”

తిట్టినా బాగుండేది.

“ఇప్పుడెందుకొచ్చావమ్మా? తప్పయిందని చెప్పడానికా, బండి నిలబెట్టమని అడగడానికా?”

“రెండిటికీ.”

“ఒకటే అడుగు.”

కింద పాప నవ్వు వినిపించింది. శనివారం పరీక్ష కళ్ళ ముందు తిరిగింది. మా ఆయన నాలుగు రోజులుగా సరిగ్గా తినకపోవడం గుర్తొచ్చింది. అయినా నోరు విప్పితే వచ్చింది ఒకటే మాట.

“తప్పయిపోయింది బాబాయ్ గారూ.”

ఆయన నీడలో ఉన్న ఇటుక ఒకటి నా వైపు జరిపి, “అయితే కూర్చో. కూర్చుని చూడు, నేను మోసుకొచ్చిన దొంగసొత్తు” అన్నారు.

నాలుగు బుల్లి గోడలు. ఒక్కోటి మోచేతంత ఎత్తు. ఇనుప చట్రానికి అల్యూమినియం రేకు, వెనక నిలువుగా పట్టీలు. మా వ్యాన్ గోడనే చిన్నది చేసినట్టున్నాయి. నేను చూసిన రేకు ఇదే. కోతల్లో మిగిలి మూలన పడేసిన తునకలు. గోడ ఎందుకు కూలిందో ఆయనకూ అర్థం కాలేదట. ఇంట్లో కూర్చుని తేల్చుకుందామని పట్టుకొచ్చారట. ఆ మర్నాడే మేం ఆయన్ను పంపేశాం.

“ఇదుగో, దీనికి ఉత్త చదును పట్టీ కొట్టా. నాలుగు ఇటుకలు పెట్టేసరికి వంగింది. వంకర మొదలవగానే దించేస్తా, లేపోతే రేకు పాడైద్ది. ఇది మన వ్యాన్‌కి కొట్టిన ఎల్ పట్టీ. ఏడు మోసింది. ఈ మూడోదానికి పట్టీని టోపీ మాదిరి మడిచా. రెండంచులూ రేకుకి ఆనుకుని ఉంటయ్, నడుమ ఎత్తుగా లేచి ఉంటది. పన్నెండు మోసిందమ్మా! కింద కిరాణా కొట్లో తూకం వేయించా. ఎల్ పట్టీకీ దీనికీ బరువులో తేడా లేదు.”

“మరి అంత బలం ఎక్కడిదండీ?”

“ఎల్ పట్టీకి ఒక కాలు గాల్లో ఉంటది. బరువు పడితే ఆ కాలు పక్కకి తిరుగుద్ది. పట్టీ తిరిగిందంటే ఇక రేకుని పట్టుకునేదెవరు? దీనికి రెండు కాళ్ళూ రేకు మీదే ఉన్నయ్. తిరగలేదు.” ఆయన గొంతులో హుషారొచ్చింది. నాలుగో పలక వైపు తిరిగేసరికి అది పోయింది. “ఇది చూడు. రెండోదానికి కవల. అదే ఎల్ పట్టీ, అదే కొలత. సాయంత్రం పూట ఏడు ఇటుకలు మోసిద్ది. మధ్యాన్నం పూట నాలుగు ఇటుకలకే పొట్ట వేస్తది. మళ్ళీ సాయంత్రం ఏడు. దెయ్యం పట్టిన దానికిమల్లే.”

“ఎప్పుడు బిగించారు దీన్ని?”

ఎందుకడిగానో నాకే తెలియదు. ఆయన కూడా వింతగా చూశారు.

“రెండోది మధ్యాన్నం భోజనమయ్యాక. ఈ నాలుగోది పొద్దున్నే లేచి, ప్రార్థన చేసుకుని. ఏం?”

నాకు ఒకటి గుర్తొచ్చింది. నేను ఇంటర్ మొదటేడు మధ్యలో మానేసినదాన్ని. షెడ్డులో మగవాళ్ళ పని గురించి నోరెత్తేదాన్ని కాదు. అందుకే రెండు నెలలుగా కళ్ళబడుతున్నా ఎవరికీ చెప్పని సంగతి అది.

“నవ్వకండి బాబాయ్ గారూ. పొద్దున్నే టిఫిన్ తెచ్చేటప్పుడు వ్యాన్ ఎడమ గోడలో నా మొహం, పాప మొహం మామూలుగానే కనపడేవి. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేసరికి మొహాలు ఇంతింత లావుగా సాగి ఉండేవి, ఎగ్జిబిషన్‌లో అద్దాల్లాగా. పాప వాటిని చూసి పడీ పడీ నవ్వేది. నవ్వితే నాలుగు ముద్దలు తింటుందని రోజూ ఆ గోడ ముందే తినిపించేదాన్ని. ఒకరోజు అక్కడ ఎండ ఎక్కువుందని కుడి పక్కకి తీసుకెళ్తే ఏడ్చింది. ఆ గోడలో మొహాలు మారవు.”

ఆయన చేతిలో ఇటుక అలాగే ఉండిపోయింది.

“మధ్యాన్నం పూట… మేమందరం వెనక చెట్టు కింద అన్నానికి కూర్చునే టైము” అన్నారు నెమ్మదిగా. “మాలో ఒక్కడు కూడా చూళ్ళేదు.”

“ఎడమ పక్క ముహూర్తానికి కొట్టారు కదండీ.”

అవును. మాఘమాసంలో గురువారం, తెల్లవారుజామున నాలుగూ యాభై రెండుకు అత్తయ్య పెట్టించిన ముహూర్తం. వర్జ్యం వచ్చేలోగా ఒక పక్క పూర్తిగా అయిపోవాలని ఆవిడ పట్టుబట్టారు. చలికి చెవులకు తువాళ్ళు చుట్టుకుని ఎడమ గోడ మొత్తం ఒక్క ఊపున రివిట్లు కొట్టేశారు. కుడి గోడ మధ్యాహ్నం భోజనాలయ్యాక తీరిగ్గా కొట్టారు.

“ముప్పై ఏళ్ళు తెల్లారుజామునే కొట్టానమ్మా. చల్లపూట పని సాగుద్దని. ఏం కాలేదు” అన్నారు మేస్త్రీ. లేచి నాలుగో పలక మీద అరచెయ్యి పెట్టి చురుక్కుమని తీసేశారు. “ఇనుం మీద ఇనుప రేకు. రెండూ కలిసి పెరుగుతయ్, కలిసి తగ్గుతయ్. ఇది అల్యూమినియం. ఎండకి ఇనుం కంటే రెట్టింపు సాగుద్ది. చలిలో ముడుచుకున్నప్పుడు బిగించేశాం. ఎండలో సాగింది. చుట్టూ రివిట్లాయె, పోవడానికి చోటు లేదు. పొట్ట వేసింది. ముందే వంగి ఉన్నదాని నెత్తిన బస్తాలు పెట్టి, ఎందుకు కూలిందో అని ఏడుస్తన్నాం.”

“తడపని లైనింగ్ వేసి కుట్టిన జాకెట్టు లాగానా?”

“ఏంటీ?”

“లైనింగ్ గుడ్డ ముందు తడిపి ఆరేసి కుట్టాలండీ. లేకపోతే మొదటి ఉతుకులో లోపలిది ముడుచుకుపోయి, పైగుడ్డ ఉబ్బి బుడగలు బుడగలుగా అయిపోతుంది. కొత్తలో నేను మూడు జాకెట్లు పాడుచేశా.”

మేస్త్రీ నా వంక చూశారు. తర్వాత నవ్వారు. డాబా అదిరేలా నవ్వారు. కింద నుంచి “ఏంటి మావయ్యా?” అని ఏంజెల్ కేకేసింది. “ఏం లేదమ్మా, ముప్పై ఏళ్ళ సర్వీసుని జాకెట్టులో పెట్టి కుట్టేసింది ఈ పిల్ల” అన్నారు.

నవ్వు తగ్గాక నేనే అన్నాను. “రేపు రండి బాబాయ్ గారూ. ఆయన మిమ్మల్ని ఎవరెవరి ముందు అన్నారో వాళ్ళందరూ ఉండగా నేను చెప్తాను.”

“చెప్పగలవా?”

“చెప్పకుండా నిద్రపట్టదండీ.”

బుధవారం పదకొండింటికి ఆయన మోపెడ్ మా గేటు ముందు ఆగింది. లోపలికి రాలేదు. బండి మీదే కూర్చున్నారు. లేత్ మిషన్ వాళ్ళు, పెయింటింగ్ వాళ్ళు, టీ కొట్టాయన ఒక్కొక్కరే పని ఆపి చూస్తున్నారు. అత్తయ్య పాపను ఎత్తుకుని కుర్చీలో కూర్చున్నారు. మా ఆయనకు ముందురోజే అంతా చెప్పాను. చెయ్యి ఊపిన సంగతి చెప్పగానే ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు.

పెళ్ళయి నాలుగేళ్ళలో ఆ ఆవరణలో గట్టిగా మాట్లాడింది లేదు.

“అందరూ వినండి” అన్నాను. “మేస్త్రీ గారు రేకు దొంగతనం చెయ్యలేదు. పట్టుకెళ్ళింది పారేసిన తునకలు. అవి కూడా మన గోడ ఎందుకు కూలిందో చూడ్డానికి. ఆయన దాక్కుని పోలేదు. నాకు చెయ్యి ఊపి మరీ పోయారు. నేనే సగం చెప్పి, సగం చెప్పలేదు. తప్పు నాది.”

లేత్ మిషన్ ఒకటి ఎక్కడో ఒంటరిగా తిరుగుతోంది. మా ఆయన షెడ్డులోంచి బయటికొచ్చి మోపెడ్ ముందు నిలబడ్డారు.

“దానిదేం లేదు మేస్త్రీ. అన్నది నేను. నోరు జారింది.”

“జారితే పర్లేదురా, తీసుకోవచ్చు. నువ్వు గిరాటేశావు.”

టీ కొట్టాయన కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు లేత్ వాళ్ళ దాకా పాకింది. మా ఆయన కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేశారు. మేస్త్రీ మోపెడ్ స్టాండ్ వేసి, “ఆ డ్రిల్లు ఇటియ్యి. ముందు బండిని అటు తిప్పండి. ఈ అమ్మాయి చెప్పింది నిజమో కాదో చూద్దాం” అన్నారు.

వ్యాన్‌ని తిప్పి కుడి గోడను ఎండకు పెట్టారు. గంట ఆగారు. కుడి గోడ కాలిపోతోంది గానీ పొట్ట వెయ్యలేదు. నీడకు పోయిన ఎడమ గోడలో, పాత మడత దగ్గర తప్ప, ఉబ్బంతా అణిగిపోయింది. మా ఆయన ఇటూ అటూ నాలుగుసార్లు తిరిగి చూసి నా దగ్గరకొచ్చి, “రెండు నెలల్నుంచి చూస్తున్నావా? ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది?” అన్నారు.

“మీరు అడిగితే గదా.”

మడత పడిన రేకు పీకేసి కొత్తది కోశారు. ఎల్ పట్టీలన్నీ తీసేసి, అంతే రేకుతో టోపీ పట్టీలు మడిచారు. వేడెక్కడానికి రేకును ఎండలో పరిచారు. ఇక బిగించడమే అనుకునేసరికి అత్తయ్య లేచారు.

“ఒరే రాంబాబూ, బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం. ఇప్పుడు మొదటి రివిట్ కొడతారా?”

అందరూ మేస్త్రీ వైపు చూశారు. ముహూర్తం వల్లే ఇదంతా వచ్చిందని ఆవిడకు ఎవరు చెప్తారు?

“రాహువుతో నాకు పెద్ద పరిచయం లేదక్కయ్యా. కావాలంటే నా పేరు మీద కొట్టేస్తా.”

“నీ పేరు మీద కొట్టినా బండి మాదే కదయ్యా, కృపానందం.”

“సరే. ఒకటి ముప్పై ఒకటికి కొడతా. అప్పుడైతే రేకు ఇంకా బాగా కాలిద్ది. మీ రాహువు నాకు మేలే చేశాడు.”

అత్తయ్య ఆ మాటకు సంతోషించి వాచీ చూస్తూ కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం ఎండ గురించి చెప్పనక్కర్లేదు. రివిట్ గన్ పిడికి తడిగుడ్డ చుట్టారు. అయిదు నిమిషాల్లో అది ఆరిపోయేది, నేను మళ్ళీ తడిపి అందించేదాన్ని. ఒక చెయ్యి రేకు పట్టుకుంటే ఇంకో చెయ్యి కొట్టేది. మజ్జిగ బిందె రెండుసార్లు ఖాళీ అయింది. మేస్త్రీ అరచేతిలో బొబ్బలెక్కాయి. మా ఆయన గన్ లాక్కోబోతే, “నువ్వు కొడితే మళ్ళీ గిరాటేస్తావు” అని ఇవ్వలేదు. నాలుగున్నరకు చివరి రివిట్. సాయంత్రం చల్లబడ్డాక గోడ మీద వేలితో కొడితే డోలక్ మీద కొట్టినట్టు ఠంగుమంది. బాడీ తూకం అయిదువందల తొంభై ఎనిమిది.

శనివారం పదిన్నరకే ఇసుక బస్తాలు పైకి ఎక్కడం మొదలైంది. వినీల గారు చెమట తుడుచుకుంటూ, “ఎండలోనే పెట్టండి. ఎడమ గోడ సూర్యుడి వైపు” అన్నారు. ఆవిడకు మేస్త్రీ ముందే అంతా వివరించారు. ఆవిడ నోట్‌బుక్‌లో రాసుకుని, నా వైపు చూసి, “జాకెట్టు ఉదాహరణ కూడా రాశాను” అన్నారు. నాకు చెవులు వేడెక్కాయి.

ముప్పై. నలభై. నలభై ఒకటి.

నలభై రెండో బస్తా తాడుతో పైకి లేచింది. మా ఆయన గోడ వైపు చూడలేక రోడ్డు వైపు తిరిగారు. నేను పాపను గట్టిగా హత్తుకున్నట్టున్నాను, అది కేకపెట్టింది. బస్తా పైన కూర్చుంది. గోడ కదల్లేదు. నలభై మూడు. యాభై. అరవయ్యో బస్తా వేసి పైనున్న కుర్రాళ్ళు దిగారు. వినీల గారు మీటరు పొడుగు ఇనుప స్కేలు రేకుకు అడ్డంగా, నిలువుగా, ఐమూలగా పెట్టి చూశారు.

“స్కేలు కింద వెలుగు కూడా దూరట్లేదు” అన్నారు. “అరగంట ఉంచుదాం.”

ఆ అరగంటా ఎవరూ కూర్చోలేదు. సరిగ్గా పన్నెండుకు ఆవిడ మళ్ళీ స్కేలు పెట్టి చూసి, కాగితం మీద సంతకం చేసి, మా ఆయన చేతికి కాకుండా మేస్త్రీ చేతికి ఇచ్చారు. మేస్త్రీ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు, బొబ్బలు అంటకుండా వేళ్ళ కొసలతో. అత్తయ్య కొబ్బరికాయ కొట్టారు. మా ఆయన టైరు మీద కూలబడి నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా ఉన్నారు. పాప ఒళ్ళు చూశాను. చల్లగా ఉంది. ఎన్నాళ్ళ తర్వాతో నిండా ఊపిరి పీల్చుకున్నాను. పక్క షెడ్ల వాళ్ళు వచ్చి మేస్త్రీ భుజం తడుతుంటే, పది మంది ముందు పోయిన పేరు ఇరవై మంది ముందు తిరిగొచ్చిందని అనిపించింది.

“రేపట్నుంచి రండి మేస్త్రీ” అన్నారు మా ఆయన. “ట్రస్టు వాళ్ళు ఇంకో బండి మాట్లాడతామంటున్నారు.”

మేస్త్రీ ఏదో అనబోయేలోగా ఆయన ఫోన్ మోగింది. కొడుకు అంతోని. వెనక వీధిలో ఒక షెడ్డులో పెయింటింగ్ పని చేస్తాడు. మేస్త్రీ “ఆఁ, చెప్పరా” అన్నారు నవ్వుతూనే. తర్వాత నవ్వు ఆగింది. “ఎప్పుడు?” అన్నారు. “నేను బుధవారమే చెప్పాగా ఆగమని. సరేనన్నాడుగా.” ఫోన్ పెట్టేశాక కాగితం మా ఆయన ఒళ్ళో పెట్టి, మోపెడ్ తాళం కోసం జేబులు తడుముకున్నారు.

“ఏమైంది బాబాయ్ గారూ?”

“మీరు పంపేశాక నేను ఇంట్లో కూర్చోలేదమ్మా. పగలు ఆటోనగర్‌లో తిరిగితే అందరూ అడుగుతారు, ఏం మేస్త్రీ రాంబాబు దగ్గర మానేశావంట అని. అందుకని వెనక వీధిలో, మావాడి షెడ్డు పక్కనున్న షెడ్డులో తెల్లారుజామున పని పట్టా. నాలుగింటికెళ్ళి, జనం లేచే టయానికి ఇంటికి పోయేవాణ్ణి.” ఆయన నా కళ్ళలోకి చూడలేదు. “స్కూలు వ్యాన్. అల్యూమినియం. రెండు గోడలూ నేనే కొట్టా, చీకట్లో, చల్లగా. మన సంగతి తెలిశాక ఆ షెడ్డు ఓనరు కాళ్ళావేళ్ళా పడి చెప్పా, బండి పంపొద్దు, మళ్ళీ మధ్యాన్నం పూట బిగిస్తానని. సరేనన్నాడు. పొద్దున్న ఆరింటికి పామర్రు పంపేశాడంట. పిల్లల్ని బడికి తీసుకెళ్ళడం కూడా అయిపోయింది.”

“పైన బరువేం లేదుగా?” అన్నారు వినీల గారు. అప్పటికే ఆవిడ ముఖం మారిపోయింది.

“నేను కొట్టినప్పుడు లేదమ్మా. నిన్న నెత్తిన ఏసీ ఎక్కించారంట.”

మా ఆయన లేచి నిలబడ్డారు. “ఓనరుకి ఫోన్ చెయ్యండి.”

“ఎత్తట్లేదు.”

“ఏ స్కూలు?”

“తెలియదురా, మావాడికీ తెలియదంట. బండి మీద పేరు రాయకముందే నా పని అయిపోయింది.”

పైన ఎండ నిలువుగా ఉంది. ఆవరణలో రేకులన్నీ కళ్ళు మూతలు పడేలా మెరుస్తున్నాయి. ఒంటిపూట బడులు మొదలై నెల దాటిందని నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. గోడ గడియారం వైపు చూశాను. పన్నెండూ పన్నెండు. పన్నెండున్నరకు గంట కొడతారు, పిల్లలు పరుగెత్తుకొచ్చి ఆ బండెక్కుతారు.

పాపను అత్తయ్య చేతుల్లో పెట్టి, వినీల గారి కారు వైపు పరుగెత్తాను.